వీపు నొప్పి: ఎప్పుడు వదిలేయొచ్చు, ఎప్పుడు వదిలేయకూడదు

హోస్ట్: మెడ నొప్పి, నడుము నొప్పి గురించి అందరూ మాట్లాడతారు. మధ్యలో ఉన్న వీపు ఊసే ఎవరూ ఎత్తరు. ఎందుకు డాక్టర్ గారూ?

డాక్టర్: అది పెద్దగా గొడవ చెయ్యదు కాబట్టి! మెడలో 7 పూసలు, నడుములో 5, వీపులో 12. ఈ పన్నెండింటికీ రెండు వైపులా పక్కటెముకలు కలుస్తాయి. కదలిక తక్కువ, అందుకే పూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులకు దెబ్బా తక్కువ. డిస్క్ జారి ఇబ్బంది పెట్టే కేసుల్లో వీపువి నూటికి ఒకటి కూడా ఉండవు.

హోస్ట్: మరి రెండు రెక్కల మధ్య పొడిచినట్టు ఉంటుందే, అదేంటి?

డాక్టర్: ఎక్కువసార్లు కండరాలే. లేదా పక్కటెముక పూసను కలిసే చోట కీలు పట్టేస్తుంది. తుమ్మితే కలుక్కుమంటుంది, గుండేమోనని టెన్షన్ పడతారు. అలాగని ఆ భయాన్ని కొట్టిపారేయను. గుండె, పిత్తాశయం నొప్పులు వీపులోకీ పాకుతాయి. చెమటలు, ఆయాసం తోడైతే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

హోస్ట్: డిస్క్ సమస్య అరుదన్నారు, నిశ్చింతగా ఉండొచ్చన్నమాట!

డాక్టర్: అరుదే గానీ, వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోలేం. ఇక్కడ వెన్నుపాము వెళ్ళే దారి ఇరుకు. నరం నలిగితే ఛాతీ చుట్టూ బెల్టు బిగించినట్టు ఉంటుంది. బొడ్డు దగ్గర తిమ్మిరి అంటే నా చూపు వీపులో పదో నరం మీదికి పోతుంది. వెన్నుపామే నలిగితే వీపు నొప్పి లేకుండానే కాళ్ళు బిగుసుకుపోవచ్చు, నడకలో తూలవచ్చు. అప్పుడు నడుముకే ఎంఆర్‌ఐ తీసి ‘అంతా బాగుంది’ అంటే అసలు జబ్బు పైన ఉండిపోతుంది. మూత్రం మీద పట్టు తప్పితే ఇక ఆ రోజే ఆసుపత్రికి రావాలి.

హోస్ట్: పెద్దవాళ్ళకు గూని రావడం మామూలేగా?

డాక్టర్: ఆ మాటే నాకు నచ్చదు. ఎముకలు గుల్లబారితే పడక్కర్లేదు, నీళ్ళ బకెట్ ఎత్తినా పూస ముందువైపు కుంగిపోతుంది. చాలామందికి నొప్పే తెలియదు. అందుకే ‘ఈమధ్య ఎత్తు తగ్గారా?’ అని అడుగుతాను. ఒక పూస విరిగిందంటే ఇంకోటి విరిగే ముప్పు పెరుగుతుంది. ఎముక సాంద్రత పరీక్ష చేయించి మందులు మొదలుపెట్టాలి.

హోస్ట్: మరి వంగి కూర్చునే పిల్లలు?

డాక్టర్: బోర్లా పడుకోబెట్టి తల, ఛాతీ పైకెత్తమనండి. వంపు పోతే అది అలవాటే. పోకపోతే షూయర్‌మన్ కైఫోసిస్, అంటే పూసల ఆకారమే మారి వచ్చే గూని కావచ్చు, ఎక్స్‌రే తీస్తాం. వరుసగా మూడు పూసలు, ఒక్కోటీ 5 డిగ్రీలు లేదా అంతకు మించి ముందుకు అణిగి కనిపిస్తాయి. వాళ్ళను ‘నిటారుగా నిలబడు’ అని తిట్టి లాభం లేదు. ముందుకు వంగినప్పుడు వీపు ఒక పక్క ఎత్తుగా లేస్తే స్కోలియోసిస్, అంటే వెన్ను పక్కకు వంగడం, ఉందేమో చూస్తాం.

హోస్ట్: రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వని నొప్పి అయితే?

డాక్టర్: జ్వరం, బరువు తగ్గడం కూడా ఉంటే వెన్ను టీబీ అయినా కావచ్చు, మరోచోటి క్యాన్సర్ పూసకు పాకి ఉండొచ్చు. నొప్పి మాత్రలతో నెలలు గడిపేయకుండా స్కాన్ తీయించుకోండి.