85 డిగ్రీల పాలు

(ఎలక్ట్రానిక్స్ డిజైన్ పోటీలకు సిద్ధమవుతున్న ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు తిరుపతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బోర్డు మీద లెక్కలు వేస్తాను, అవి మీకు కనబడాలి.

పోటీకి పంపే డిజైన్‌తో పాటు పెట్టాల్సిన డాక్యుమెంటేషన్ గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మీకు గుర్తొచ్చేది ఆఖరి రోజు రాత్రి. బోర్డు పని చేస్తోంది, అందరూ అలిసిపోయి ఉన్నారు, తెల్లారేలోపు పీడీఎఫ్ అప్‌లోడ్ చేయాలి. జట్టులో ఎవరికి ఇంగ్లీషు బాగా వస్తే వాళ్ల చేతిలో ల్యాప్‌టాప్ పెడతారు. పాపం, సోల్డరింగ్ చేసింది వేరేవాళ్లు, కొలతలు తీసింది ఇంకొకరు. రాసేవాళ్లకి ఏ రెసిస్టర్ ఎందుకు మారిందో తెలియదు. అడుగుదామంటే మార్చినవాడు నిద్రపోతుంటాడు. అలా పుట్టిన రిపోర్టులు నేను న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడు చాలా చదివాను. మంచి డిజైన్లు వాటి కింద నలిగిపోవడం చూశాను. అది చూసినప్పుడల్లా బాధేస్తుంది. అందుకే ఇక్కడికి వచ్చాను.

మీ అందరి దగ్గరా రెండు పుస్తకాలు ఉంటాయి. ఒకటి అబ్జర్వేషన్, రెండోది రికార్డు. ల్యాబ్‌లో మీటర్ చూస్తూ రాసుకునేది అబ్జర్వేషన్. కొట్టివేతలు ఉంటాయి, సోల్డరింగ్ ఐరన్ తగిలి కాలిన మచ్చ ఉంటుంది, పక్కన మీ స్నేహితుడి రాత కూడా ఉంటుంది. ఇంటికెళ్లి మార్జిన్ గీసి, స్కేలు పెట్టి, నీటుగా ఎక్కించేది రికార్డు. ఎక్కించేటప్పుడు ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. గ్రాఫులో దారి తప్పిన చుక్కను గీత మీదికి జరుపుతాం. 4.7 రావాల్సిన చోట 4.1 వచ్చి ఉంటే, సీనియర్ రికార్డు చూసి 4.7 వేస్తాం. మార్కులు పడతాయి. 4.1 ఎందుకు వచ్చిందన్న సంగతి అక్కడితో పోతుంది.

పోటీకి పంపే పత్రాన్ని దాదాపు అందరూ రికార్డులా రాస్తారు. దాన్ని అబ్జర్వేషన్‌లా రాయండి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దీనికి ఉదాహరణలు.

నేను సాయం చేసిన ఒక జట్టు గురించి చెబుతాను. నలుగురు పిల్లలు, మూడో సంవత్సరం ఈసీఈ. అందులో ఒకమ్మాయి వాళ్లది పాడి ఉన్న ఇల్లు. చిత్తూరు వైపు పల్లెల్లో పాల కేంద్రాలు మీకు తెలుసు కదా. సాయంత్రం పాలు పోయించుకుని, పెద్ద స్టీల్ ట్యాంకులో 4 డిగ్రీలకు చల్లబరిచి ఉంచుతారు. పొద్దున ట్యాంకర్ వచ్చి తీసుకెళుతుంది. రాత్రి కరెంటు పోయి, జనరేటర్ వేయాల్సిన మనిషికి మెలకువ రాకపోతే పాలు పాడైపోతాయి. ఊరందరి పాలు. వీళ్లు చేసిన పరికరం చిన్నది. వేడి కొలిచే డీఎస్18బీ20 సెన్సర్ ఒకటి, దాన్ని చదివే చిన్న కంప్యూటర్ లాంటి ఈఎస్‌పీ32 బోర్డు, మెసేజ్ పంపడానికి సిమ్ వేసే జీఎస్ఎం మాడ్యూల్. పాల వేడి ఒక హద్దు దాటితే కేంద్రం చూసుకునే ఆయన ఫోన్‌కి మెసేజ్ వెళుతుంది. అన్నీ బాగున్నాయని గంటకోసారి కూడా ఒక మెసేజ్ పోతుంది.

వాళ్లు నాకు చూపించిన మొదటి రిపోర్టులో గ్రాఫు నున్నగా ఉంది. సాయంత్రం పైన మొదలై, మెల్లగా 4 దగ్గరికి దిగి, తెల్లారేదాకా అక్కడే. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అబ్జర్వేషన్ బుక్కు ఇమ్మన్నాను. ఆ పాడి ఇంటి అమ్మాయి రాసిన పేజీ అది. రాత్రి 8:00, పక్కన 85.00 అని ఉంది. దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా. మళ్లీ 10:00 దగ్గర 85.00. ఆ రాత్రి మొత్తం అలా ఐదు సార్లు. "ఇవేంటి?" అన్నాను. "నాయిస్ సార్, తీసేశాం" అన్నారు.

పాలు 4 డిగ్రీల నుంచి 85కి ఎగిరి, మరుసటి రీడింగుకి మళ్లీ 4కి రావు. అది ఎవరికైనా తెలుసు. కానీ నాయిస్ అయితే ఒకసారి 61, ఒకసారి 23 రావాలి. ప్రతిసారీ సరిగ్గా 85.00 ఎందుకు? సెన్సర్ తయారుచేసినవాళ్లు ఇచ్చే వివరాల పత్రం, అదే డేటాషీట్, తెరిపించాను. అందులో ఉంది: ఆ సెన్సర్‌కి కరెంటు అందిన క్షణంలో దాని మెమరీలో ఉండే విలువ 85 డిగ్రీలు. కొలత పూర్తయితేనే ఆ అంకె మారుతుంది. 12 బిట్ల కొలతకి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. కొలత మధ్యలో సెన్సర్‌కి సప్లై పడిపోయి తిరిగి వస్తే మీరు చదివేది ఆ పాత 85. అంటే రాత్రి ఐదు సార్లు సెన్సర్ చచ్చి బతికింది. పరికరం ఆ మాట పదే పదే చెబుతోంది, వీళ్లు దాన్ని తుడిచేశారు.

ఎందుకు పడిపోయింది? ట్యాంకు కంప్రెసర్ స్టార్ట్ అయినప్పుడు వోల్టేజి తగ్గి ఉంటుందని ముందు అందరమూ అనుకున్నాం. నేనూ అదే అన్నాను. అప్పుడు ఆ అమ్మాయి పేజీలో చివరి గడి చూపించింది. కంప్రెసర్ ఆన్ అయిన టైములు అక్కడ రాసి పెట్టుకుంది. అవి 85 వచ్చిన టైములతో కలవలేదు. ఆ ఎర్ర సున్నాలన్నీ నిండు గంట దగ్గర ఉన్నాయి. గంటకోసారి పోయేది ఏమిటి? మెసేజ్. వాళ్ల జీఎస్ఎం మాడ్యూల్ సిమ్800ఎల్. టవర్‌తో మాట్లాడే క్షణాల్లో అది 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్నటి జంపర్ వైర్ల మీద అంత కరెంటు లాగితే వోల్టేజి కుంగుతుంది. సెన్సర్‌కి కనీసం 3 వోల్టులు కావాలి. బోర్డు తట్టుకుంది, పొడవాటి వైరు చివర వేలాడుతున్న సెన్సర్ తట్టుకోలేకపోయింది.

రెండు పరీక్షలు పెట్టారు. కంప్రెసర్ ఆపి మెసేజ్‌లు పంపారు, 85 వచ్చింది. మెసేజ్‌లు ఆపి కంప్రెసర్‌ని ఆన్, ఆఫ్ చేశారు, రాలేదు. జీఎస్ఎం మాడ్యూల్ కాళ్ల దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, సప్లై వైర్లు లావువి, పొట్టివి వేశారు. తర్వాత మూడు రాత్రులు నడిపితే ఒక్కసారి కూడా 85 రాలేదు. ఇదంతా రిపోర్టులో ఒకటిన్నర పేజీ. మొదటి గ్రాఫు ఎర్ర సున్నాలతో సహా, పక్కన రెండో గ్రాఫు. న్యాయనిర్ణేతలు ఆ ఒకటిన్నర పేజీ మీదే ఎక్కువసేపు ప్రశ్నలు అడిగారు. నలుగురూ చకచకా జవాబు చెప్పారు, ఎందుకంటే బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు, జరిగిందే చెప్పాలి.

ఇప్పుడు బోర్డు మీద లెక్క. ఇంకో జట్టు వేరుశనగ చేలో నేల తేమ కొలిచే పరికరం చేసింది. బ్యాటరీ 18650 సెల్, 2500 మిల్లీ ఆంపియర్ అవర్. ఈఎస్‌పీ32 చిప్ డీప్ స్లీప్‌లో, అంటే పని లేక నిద్రపోయేటప్పుడు, సుమారు 10 మైక్రో ఆంపియర్లు తీసుకుంటుందని డేటాషీట్ చెబుతుంది, అంటే 0.01 మిల్లీ ఆంపియర్. 2500ని 0.01తో భాగిస్తే 2,50,000 గంటలు. 28 ఏళ్లు! రిపోర్టులో "బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది" అని రాశారు. మల్టీమీటర్‌ని సిరీస్‌లో పెట్టి కొలవమన్నాను. వచ్చింది 10 మిల్లీ ఆంపియర్లు. 2500ని 10తో భాగిస్తే 250 గంటలు, పది రోజులు. చిప్ నిద్రపోతోంది నిజమే, కానీ డెవలప్‌మెంట్ బోర్డు మీద ఉన్న ఏఎంఎస్1117 రెగ్యులేటర్ తన కోసమే సుమారు 5 మిల్లీ ఆంపియర్లు తింటుంది. ఎర్ర పవర్ ఎల్ఈడీ వెలుగుతూనే ఉంటుంది. యూఎస్‌బీ చిప్ మేలుకునే ఉంటుంది. ఈ రెండు లెక్కలూ రిపోర్టులో పక్కపక్కన ఉండాలి, మధ్యలో తేడా ఎందుకొచ్చిందో రాయాలి. పది రోజులు అని రాయడానికి సిగ్గుపడకండి. కొలిచి రాసిన పది రోజుల్ని చూసి, ఈ పిల్లలు రెగ్యులేటర్ మారిస్తే ఏమవుతుందో చెప్పగలరని చదివేవాళ్లు నమ్ముతారు.

ఇక స్కీమాటిక్, అంటే సర్క్యూట్ బొమ్మ. మన ఊరి సంగతి ఒకటి చెబుతాను, మీలో చాలామంది వినే ఉంటారు. అన్నమాచార్యుల వారి సంకీర్తనలు రాగి రేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో భాండాగారంలో భద్రపరిచారు. రాగి కాబట్టి వందల ఏళ్లు నిలిచాయి. ఇవాళ వేల పాటలు మన చేతిలో ఉన్నాయంటే ఆ రేకుల పుణ్యమే. ప్రతి పాటకూ రాగం పేరు చెక్కారు. కానీ స్వరం లేదు. ఆయన ఎలా పాడారో రేకు చెప్పదు. మనం వింటున్న వరుసల్లో చాలా మటుకు ఈ కాలపు సంగీత విద్వాంసులు కొత్తగా కట్టినవి. ఆ రోజుల్లో పాట గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి వెళ్లేది, రేకు మీద స్వరం రాయాలన్న అవసరం వాళ్లకి కనిపించి ఉండదు. పక్కన పాడేవాళ్లు ఉన్నారు కదా!

మీ స్కీమాటిక్‌కీ ఇదే జరుగుతుంది. పక్కన మీరు ఉన్నారు కాబట్టి మీ స్నేహితులకి అర్థమవుతుంది. డేటా లైను మీద రెసిస్టర్ బొమ్మ ఉంటుంది, విలువ ఉండదు. 4.7 కిలో ఓమ్స్ అని మీకు తెలుసు. చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది? కెపాసిటర్ విలువ ఉంటుంది, ఎన్ని వోల్టులదో ఉండదు. సెన్సర్ వైరు ఎన్ని మీటర్లో ఉండదు, ఇందాకటి కథలో అసలు కారణాల్లో అదొకటి. ప్రతి భాగానికీ ఆర్1, సీ3, యూ2 అని పేరు ఉండాలి. అదే పేరు బోర్డు మీద, భాగాల పట్టికలో, మీ రాతలో ఉండాలి. చిత్తూరు బస్సు ఎక్కితే దారిలో గాదంకి వస్తుంది. అక్కడ వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్‌లో 1024 యాగీ యాంటెనాలు ఉన్నాయి, 32 వరుసల్లో 32 చొప్పున. అందులో ఒకటి బాగు చేయాలంటే "ఆ మూల ఉన్నది" అంటే కుదురుతుందా? మీ బోర్డులో 20 భాగాలే ఉండొచ్చు, అయినా పేరు పెట్టండి.

బొమ్మ కింద తేదీ, రివిజన్ నంబరు వేయండి. ఇది నా సొంత అనుభవం. చాలా ఏళ్ల క్రితం ఒక పోటీకి కొత్త బోర్డు ఫొటో, పాత స్కీమాటిక్ కలిపి పంపాం. ఫొటోలో ఉన్న ట్రాన్సిస్టర్ బొమ్మలో లేదు. బొమ్మ ఎక్కడో కాపీ కొట్టామని న్యాయనిర్ణేతలు అనుకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆరు నెలల పని ఒక్క పాత ఫైలుతో పోయింది.

ఫొటోల గురించి ఎక్కువ చెప్పను. పగటి పూట కిటికీ దగ్గర, తెల్ల కాగితం మీద, పక్కన స్కేలు పెట్టి తీయండి, ఫ్లాష్ వద్దు. వీడియోలో బోర్డు పని చేయడం మొదటి అరనిమిషంలోనే కనబడాలి. పోటీ నియమాలు, మార్కుల పట్టిక మొదటి రోజే ప్రింట్ తీసి గోడకి అంటించండి. పేజీల పరిమితి ఉంటే దాన్ని దాటకండి. ఇంటర్నెట్ నుంచి లైబ్రరీ తెచ్చుకున్నా, సర్క్యూట్ తెచ్చుకున్నా ఎక్కడిదో రాయండి. అరువు తెచ్చుకోవడం నామోషీ కాదు, చెప్పకపోవడమే తప్పు.

ఇంగ్లీషు గురించి మాత్రం కాసేపు ఆగి మాట్లాడతాను. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. రిపోర్టు అనగానే మీకు వచ్చే టెన్షన్ అదే. అందుకే మొదటి రెండు పేజీలు నెట్ నుంచో, ఏఐని అడిగో తెచ్చి అతికిస్తారు. నేటి ప్రపంచంలో సాంకేతికత ప్రాధాన్యం అంటూ మొదలవుతుంది. చదివేవాళ్లు ఆ రెండు పేజీలు తిప్పేస్తారు. మీ పేజీ ఎక్కడ మొదలవుతుందా అని వెతుక్కుంటారు. మీరు ముందు తెలుగులో రాయండి. "రాత్రి 8కి మెసేజ్ వెళ్లింది. అప్పుడే సెన్సర్ 85 చూపించింది. కంప్రెసర్ ఆగి ఉంది." మూడు చిన్న వాక్యాలు. వీటిని ఇంగ్లీషులో పెట్టడానికి పదో తరగతి ఇంగ్లీషు చాలు. సంగతి మీ దగ్గర ఉంటే భాష దాని వెంట నడుచుకుంటూ వస్తుంది. ఆ పాడి ఇంటి అమ్మాయి నోట్సు మొత్తం తెలుగే. ఇంగ్లీషు బాగా వచ్చిన కుర్రాడు పక్కన కూర్చుని దాన్ని మార్చాడు, అర్థం కాని చోటల్లా ఆ అమ్మాయిని అడిగాడు. ఆ ప్రశ్నల వల్ల రిపోర్టు ఇంకా బాగుపడింది.

పంపే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. హాస్టల్లో పక్క గదిలో ఉన్న వేరే బ్రాంచి స్నేహితుడికి మీ పత్రం, భాగాలు ఇచ్చి బ్రెడ్‌బోర్డు మీద కట్టమనండి. మీరు నోరు మెదపకూడదు. అతను ఏదైనా అడిగితే జవాబు చెప్పకుండా ఆ ప్రశ్న రాసుకోండి. ఆ ప్రశ్నలన్నీ మీ పత్రంలో రాయకుండా వదిలేసిన వాక్యాలు. దీనికి ఒక సాయంత్రం పడుతుంది కాబట్టి గడువుకి కనీసం వారం ముందే పెట్టుకోవాలి.

ఆ జట్టు అబ్జర్వేషన్ పేజీ జిరాక్సులు తెచ్చాను. వాళ్ల అనుమతితోనే తెచ్చాను. ఇటు నుంచి వరుసగా అందించుకోండి. కుడి పక్క చివరి గడి చూడండి, కంప్రెసర్ టైములు అవే. ఆ గడి పెట్టమని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. కింద మూలలో గుండ్రంగా కనబడేది పాల గ్లాసు మరక. అందరికీ అందాక ప్రశ్నలు అడగండి.