పెద్దాళ్ళు ఆసుపత్రిలో రాత్రిపూట ఎందుకు గోల చేస్తారు

అందరికీ నమస్కారమండి. మన ఒడిశా బరంపురం ఆసుపత్రులకి ఇచ్ఛాపురం నుంచీ పర్లాకిమిడి నుంచీ తెలుగువాళ్ళు వస్తూనే ఉంటారు కదా, వాళ్ళలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దాళ్ళు పగలంతా బానే ఉంటారు, పొద్దువాలేసరికి మొదలు, సెలైన్ పీకేస్తారు, ఇంటికెళ్ళిపోతానంటారు, సిస్టర్ మీద చెయ్యెత్తుతారు. మనవాళ్ళు వెంటనే "ఏదో ఇంజక్షన్ చేసి పడుకోబెట్టండి డాక్టర్ గారూ" అంటారు.

ముందు పొట్ట చూడమనండి. బొడ్డు కింద గట్టిగా ఉబ్బుంటే మూత్రం ఆగిపోయి ఉండొచ్చు, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన తాతలకి ఇది మామూలే, నోటితో చెప్పలేడు కాబట్టి మంచం మీద తన్నుకుంటాడు. విరేచనం అయిందా, యూరిన్ ఇన్ఫెక్షనేమైనా ఉందా, విరిగిన తుంటి నొప్పికి మందు అందుతోందా, రక్తంలో సోడియం పడిపోయిందా. మొన్నటిదాకా బాగున్న మనిషి ఒకట్రెండు రోజుల్లో ఇలా మారిపోతే అది మతిమరుపు ముదిరిందని సరిపెట్టుకోకండి, దాన్ని డెలీరియం అంటారు, కారణం వెతికి వైద్యం చెయ్యాలి.

తర్వాత భాష. డిమెన్షియాలో చాలామందికి తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, చిన్నప్పటిది మిగులుతుంది. జీవితమంతా ఒడియాలో బేరాలాడిన షావుకారు కూడా రాత్రి సిస్టర్ ఒడియాలో చెయ్యి చాపమంటే ఎవరో మీదికొస్తున్నారనుకుంటాడు, పైగా కళ్ళజోడు సంచిలో, చెవి మిషను ఇంట్లో! అందుకే రాత్రి ఇంటిమనిషి ఒకరు పక్కనుండాలి, ఎదురుగా వచ్చి, కూర్చుని, "నాన్నా, నేను చిన్నోడ్ని" అని చెప్పాలి. ఇంటికెళ్తానంటే వాదించొద్దు, ఇంట్లో ఎవరున్నారు నాన్నా అని అడగండి.

సెలైన్ సూది మీద బేండేజీ చుట్టి పైన పొడుగు చేతుల చొక్కా వేస్తే కంటికి కనపడదు, చేతికో తువ్వాలిస్తే మామ్మలు మడతపెడుతూ కూర్చుంటారు. చేతులు కట్టేస్తే మాత్రం ఇంకా రెచ్చిపోతారు, పుళ్ళు పడతాయి.

మందులే వద్దనట్లేదు, పేషెంటుకో పక్కవాళ్ళకో ప్రమాదమైనప్పుడు గోల తగ్గించే యాంటీసైకోటిక్ మందులు తక్కువ డోసులో, కొద్దిరోజులకే. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ రకంలో కొత్త మందులతో మరణాలు పెరుగుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది, 2008లో పాత మందులకీ అదే వర్తింపజేసింది. డిమెన్షియాలో లూయీ బాడీ అనే రకమైతే ఈ మందుల్లో ఒకటైన హాలోపెరిడాల్‌తో ఒళ్ళు బిగుసుకుపోవచ్చు, కాబట్టి ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. మీరు సొంతంగా అల్ప్రాజోలం (నిద్రమాత్ర), అవిల్ (అలర్జీ మాత్ర) వెయ్యకండి, అయోమయం ఇంకా పెరుగుతుంది. అయితే ఇంట్లో రోజూ వేసుకునే నిద్రమాత్ర ఉంటే దాచకుండా చెప్పండి, అది సడన్‌గా ఆగిపోయినా ఇదే గోల.