శివారు టౌన్ ఎంచుకోవడానికి దేన్ని ఎంత నమ్మొచ్చు? | రివ్యూ

నమస్కారం అండీ. ఉద్యోగం పక్క రాష్ట్రానికి మారింది, సిటీ లోపల అద్దెలు భరించలేం, శివారులో ఏదో ఒక టౌన్ చూసుకోవాలి. ఇలాంటప్పుడు మనం నమ్ముకునేవి బ్రోషర్లు, మ్యాప్‌లు, స్కూల్ రేటింగ్‌లు, ఆన్‌లైన్ రివ్యూలు. వీటికి ఎంత మార్కులు వేయొచ్చో చూద్దాం.

బ్రోషర్ సంగతి త్వరగా తేల్చేద్దాం. "సిటీకి ఇరవై నిమిషాలు" అని వేస్తారు. సిటీలో ఏ మూలకి? ఎన్ని గంటలకి? అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద అయితే నిజమే కావచ్చు. ఒక స్టార్, అది కూడా ఫొటోలకి.

గూగుల్ మ్యాప్స్ దగ్గర కాస్త ఆగాలి. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని చూసిన టైమ్ మీకు ఎందుకూ పనికిరాదు. రూట్ పెట్టాక బయల్దేరే టైమో, చేరాల్సిన టైమో ఇచ్చే ఆప్షన్ ఉంటుంది. అందులో సోమవారం ఉదయం ఆఫీసు టైమ్ పెట్టండి. కారు రూట్‌కైతే ఇన్ని నిమిషాల నుంచి ఇన్ని నిమిషాల వరకు అని చూపిస్తుంది. నేనైతే పెద్ద అంకెనే లెక్కలోకి తీసుకుంటాను. సాయంత్రం తిరుగు ప్రయాణం విడిగా చూడాలి, రెండూ ఒకేలా ఉండవు.

దీనికింత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇటలీ భౌతిక శాస్త్రవేత్త మార్కెట్టి 1994లో ఒక పేపర్‌లో ఏమన్నాడంటే, మనుషులు సగటున రోజుకి గంట ప్రయాణానికి పెడతారట. బండ్ల వేగం పెరిగితే ఆ టైమ్ మిగుల్చుకోరు, ఇంకాస్త దూరం వెళ్లి కాపురం పెడతారు. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు స్టట్జర్, ఫ్రై జర్మనీ సర్వే లెక్కలతో 2008లో ప్రచురించిన పేపర్ ఇంకా ఘాటుగా ఉంటుంది. ఎక్కువసేపు ప్రయాణం చేసేవాళ్లకి జీవితం మీద తృప్తి తక్కువగా ఉంది, మంచి జీతమో మంచి ఇల్లో ఆ లోటుని పూర్తిగా పూడ్చడం లేదు. ఒక బెడ్‌రూమ్ ఎక్కువ వస్తుందని గంట దూరం పోయేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

అన్నట్టు, గూగుల్ ఎర్త్‌లో పాత శాటిలైట్ ఫొటోలు కూడా చూడొచ్చు. ఇప్పుడు లేఅవుట్ వేసిన చోట పదేళ్ల కిందటి ఫొటోలో నీళ్లు కనిపిస్తే, ఇక బ్రోకర్ మాట వినక్కర్లేదు. మ్యాప్‌లకి నాలుగు స్టార్లు.

స్కూల్ రేటింగ్‌లు చాలావరకు పరీక్షల మార్కులే చెప్తాయి. రాష్ట్రం మారుతున్నప్పుడు అసలు టెన్షన్ వేరే: సిలబస్ మారుతుందా, రెండో భాష ఏది తీసుకోవాలి, ఏడాది మధ్యలో సీటు ఇస్తారా? ఇవి స్కూల్‌కి ఫోన్ చేస్తేనే తెలుస్తాయి.

ఆన్‌లైన్ రివ్యూల్లో స్టార్లు వదిలేసి ఈ మధ్య రాసినవి చదవండి. ఒకరు తిడితే కోపం అనుకోవచ్చు. సంబంధం లేని పదిమంది నీళ్ల గురించే రాస్తే అది నీళ్ల సమస్యే.

ఇవేవీ చెప్పనిది ఒకటుంది, సరిహద్దు. ఇల్లు ఇటు, ఆఫీసు అటు అయితే బస్ పాస్ గీత దాటాక చెల్లుతుందా, బండి రిజిస్ట్రేషన్ మార్చాలా, ఇన్సూరెన్స్‌లో అడ్రస్ మారితే ప్రీమియం మారుతుందా అని ముందే అడగండి. కొన్ని దేశాల్లో రెండు ప్రాంతాల్లోనూ ఆదాయపు పన్ను రిటర్న్ వేయాల్సి వస్తుంది. చౌకగా దొరికిన ఇంటి లాభం ఇక్కడే కరిగిపోవచ్చు.

నా ఐదు స్టార్లు మాత్రం అద్దెకే. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం అక్కడ అద్దెకి ఉండండి. అప్పుడు రెండు స్టేషన్ల అవతల టౌన్ ఇంకా నచ్చిందనుకోండి, మీకు పడేది సామాను తరలించే ఖర్చు, కొత్త అడ్వాన్సు, అంతే.