క్రియ తర్వాత ఏం పెట్టాలి?

అందరికీ నమస్కారం. మీలో డిగ్రీ పిల్లలున్నారు, ఇంటర్వ్యూలకి తయారవుతున్నవాళ్లున్నారు, పిల్లలకి హోంవర్క్ చెప్పలేక వచ్చిన అమ్మానాన్నలూ ఉన్నారు. కాబట్టి ఇంగ్లిష్‌లోని పన్నెండు టెన్సుల పట్టిక బోర్డు మీద రాసి మిమ్మల్ని నిద్రపుచ్చను. ఆ పట్టిక మీకు వచ్చు. వచ్చినా నోరు తెరిచేసరికి టెన్షన్ పట్టుకుంటుంది, ఎందుకంటే మనం ఎక్కువగా తడబడేది క్రియ తర్వాత ఏం పెట్టాలో తెలియక.

"డిడ్ యు లైక్ ద మూవీ?" అని ఎవరైనా అడిగితే మనం ఠక్కున ఏమంటాం? "ఎస్, ఐ లైక్డ్" అని ఆపేస్తాం. తెలుగులో "నచ్చింది" అంటే చాలు, ఎవరికి నచ్చిందో, ఏది నచ్చిందో ఎదుటివాళ్లకి తెలుసు కదా, తెలిసిందాన్ని మళ్లీ మళ్లీ చెప్పడం మనకి అలవాటు లేదు. ఇంగ్లిష్‌లో మాత్రం లైక్ అన్నాక ఏదో ఒక కర్మ ఉండి తీరాలి. పేరు మళ్లీ చెప్పడం విసుగైతే సర్వనామం పెట్టండి: "ఐ లైక్డ్ ఇట్". "ఫైల్ పంపుతావా?" అంటే "ఐ విల్ సెండ్" అంటాం చూడండి, అక్కడా ఇట్ ఎగిరిపోయింది.

కర్త సంగతీ ఇంతే. "వచ్చాను" అంటే అందులోనే నేను ఉన్నాను, "వచ్చావా" అంటే అందులో నువ్వున్నావు. ఇంగ్లిష్ "కేమ్"లో ఎవరూ లేరు, ఐ అన్నా యు అన్నా దే అన్నా అదే కేమ్, అందుకని ఎవరొచ్చారో విడిగా చెప్పాల్సిందే. చెప్పడానికి ఎవరూ లేకపోయినా సరే! "ఉక్కగా ఉంది" అనడానికి "ఇట్ ఈజ్ హ్యూమిడ్" అంటారు. ఆ ఇట్ ఎవరండీ అని ఒక కుర్రాడు అడిగాడు. ఎవరూ కాదు నాయనా, కర్త కుర్చీ ఖాళీగా కనిపించకూడదని కూర్చోబెట్టిన మనిషి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తెలుగులో "నాకు" అన్న మాట ఎన్ని పనులు చేస్తుందో గమనించారా? నాకు ఆకలేస్తోంది, నాకు తెలుసు, నాకు జ్వరం, నాకు ఇద్దరు పిల్లలు. వీటన్నిట్లో ఇంగ్లిష్ "నాకు"ని తీసేసి "ఐ"ని కర్తగా నిలబెడుతుంది: ఐ యామ్ హంగ్రీ, ఐ నో, ఐ హ్యావ్ ఎ ఫీవర్, ఐ హ్యావ్ టూ చిల్డ్రన్. ఇలాంటి "కు" తమిళం, కన్నడం, హిందీల్లోనూ ఉంది. ఇక్కడ మనకి పెద్ద ఇబ్బంది లేదు, చిన్నప్పటి నుంచి విని విని వచ్చేసింది.

ఇబ్బందంతా రెండో రకం "నాకు"తో. నాకు ఇవ్వు, నాకు చెప్పు, నాకు పంపు, నాకు వివరించు, నాకు సలహా ఇవ్వు. మనకి అన్నీ ఒకే అచ్చు. అందుకే "గివ్ మీ ద బుక్" అని చక్కగా అన్న నోటితోనే "ఎక్స్‌ప్లెయిన్ మీ ద ప్రాబ్లం" అంటాం, "సజెస్ట్ మీ ఎ గుడ్ ఫోన్" అంటాం, "హీ సెడ్ మీ" అంటాం. గివ్, సెండ్, షో, టెల్ లాంటివి మనిషిని పక్కనే కూర్చోనిస్తాయి. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, సే అలా ఒప్పుకోవు, ముందు విషయం చెప్పి, ఆ తర్వాత టు పెట్టి మనిషిని తేవాలి: "ఎక్స్‌ప్లెయిన్ ద ప్రాబ్లం టు మీ". ఎందుకిలా అంటే, స్థూలంగా ఒక గుర్తుంది. ఇంగ్లిష్ సొంత మాటలు, పొట్టివి, మొదటి పద్ధతిలో నడుస్తాయి, లాటిన్, ఫ్రెంచ్‌ల నుంచి వచ్చిన పొడుగు మాటలు చాలావరకు రెండో పద్ధతి. సే పొట్టిదే, సొంతదే, అయినా మాట వినదు. ప్రామిస్ బయటిది, అయినా "ప్రామిస్డ్ మీ" ఒప్పే. కాబట్టి గుర్తు పనికొస్తుంది కానీ దాన్నే నమ్ముకుంటే కుదరదు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. జపాన్‌లో ఇంగ్లిష్ బోధించిన హెరాల్డ్ పామర్, ఆయనతో కలిసి పనిచేసిన ఏ.ఎస్. హార్న్‌బీ దీని మీదే ఏళ్ల తరబడి కూర్చున్నారు. జపనీస్ కూడా మనలాగే క్రియని చివర పెట్టే భాష, తెలిసిన కర్తనీ కర్మనీ వదిలేసే భాష. హార్న్‌బీ 1954లో క్రియల వాడుకని 25 నమూనాలుగా సర్దారు. హైదరాబాద్‌లో 1958లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, అదే ఇవాళ్టి ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ), తొలి రోజుల్లో మన దేశంలో ఈ నమూనాల పద్ధతిదే హవా. తర్వాత అది క్లాసులో అందరూ కలిసి "దిస్ ఈజ్ ఎ పెన్" అని అరిచే భజన అయిపోయింది, అందరికీ మొహం మొత్తింది. నా ఉద్దేశంలో భజన పోవాల్సిందే, దానితోపాటు నమూనాల్నీ పారేయడం మాత్రం తొందరపాటు.

ప్రిపొజిషన్ల గురించి ఎవరైనా అడిగితే ఇన్, ఆన్, ఎట్ తేడాలు మొదలుపెడతారు. అది ఇంకో రోజు. నేను చెప్పేది ప్రిపొజిషన్, దాని వెంట వచ్చే మాటలు కలిసిన గుత్తి వాక్యంలో ఎక్కడ పడుతుందన్నది. "ఐ సా ద మ్యాన్ విత్ ద టెలిస్కోప్" అన్నది వ్యాకరణం క్లాసుల్లో అరిగిపోయిన ఉదాహరణ, అయినా మనకి భలే పనికొస్తుంది. టెలిస్కోప్ ఎవరి దగ్గరుంది? వాక్యం చెప్పదు. తెలుగులో "టెలిస్కోప్‌తో చూశాను" అంటే నా దగ్గరుంది, "టెలిస్కోప్ ఉన్నాయన్ని చూశాను" అంటే ఆయన దగ్గరుంది. మన దగ్గర నామవాచకాన్ని వర్ణించే మాట దానికి ముందొస్తుంది, ఇంగ్లిష్‌లో ఆ గుత్తులన్నీ తర్వాతే వచ్చి వరస కడతాయి. అందుకే ఈమెయిల్లో "ఐ మెట్ ద మేనేజర్ ఆఫ్ ద బ్రాంచ్ ఇన్ హైదరాబాద్" అని రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. కలిసింది హైదరాబాద్‌లోనా, ఆ బ్రాంచే హైదరాబాద్‌లో ఉందా? మొదటిదైతే "ఇన్ హైదరాబాద్, ఐ మెట్..." అని ముందుకి లాగేయండి.

కొన్ని క్రియలకి ఈ గుత్తి లేకపోతే వాక్యమే పూర్తికాదు. "తాళాలు పెట్టాను" మనకి చెల్లుతుంది, "ఐ పుట్ ద కీస్" చెల్లదు, ఆన్ ద టేబుల్ అనో, ఇన్ ద బ్యాగ్ అనో ఎక్కడో చెప్పాలి. లిజన్‌కి టు కావాలి. డిస్కస్‌కి అబౌట్ అక్కర్లేదు, అయినా మనం "గురించి" అలవాటు కొద్దీ తగిలిస్తూనే ఉంటాం.

కొత్త క్రియ దొరికినప్పుడు పక్కన తెలుగు అర్థం రాసుకుంటారు కదా, ఇకనుంచి దాని తర్వాత ఏమొస్తుందో కూడా రాసుకోండి: "ఎక్స్‌ప్లెయిన్ సమ్‌థింగ్ టు సమ్‌వన్", "పుట్ సమ్‌థింగ్ సమ్‌వేర్". మంచి లెర్నర్స్ డిక్షనరీల్లో ఇది క్రియ పక్కనే ఉంటుంది, మనమే అర్థం చూసి పుస్తకం మూసేస్తాం. సరే, నేను చాలాసేపే మాట్లాడాను. ఇందాకట్నుంచి వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తే ఉంది, అడగమ్మా.