చెయ్యి తీస్తే బొమ్మ పోయే టీవీ

యాంకర్: నమస్కారం, విజయవాడ నుంచి. సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ కేబుల్‌ని టీవీ వెనక పట్టుకుంటే బొమ్మ వస్తుంది, చెయ్యి తీస్తే పోతుంది. ఇవాళ దాని సంగతే. అన్నా, చాలా ఇళ్లలో కేబుల్ పక్కన అగ్గిపుల్ల దోపేస్తారు కదా?

టెక్నీషియన్: అది మాత్రం వద్దు చెల్లెమ్మా. పోర్టు లోపల నాలుకలాగా సన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, 19 పిన్నులూ దాని మీదే. పుల్ల దాన్ని ఓ పక్కకి నెడుతూనే ఉంటుంది. విరిగిందా, ఇక పోర్టే మార్చాలి. ముందు తప్పు ఎవరిదో తేల్చుకోవాలి. కేబుల్ కొసలు మార్చండి, టీవీ వైపుది బాక్సుకి, బాక్సు వైపుది టీవీకి. ఇప్పుడు బాక్సు దగ్గర కదిపితే బొమ్మ పోతుంటే కేబుల్ కొస పోయినట్టు. ఇంకా టీవీ దగ్గరే పోతుంటే పోర్టు వదులైనట్టు. బాణం గుర్తున్న కేబుల్ అయితే తిప్పకండి, అది ఒక వైపే పనిచేస్తుంది.

యాంకర్: పోర్టే వదులైతే?

టెక్నీషియన్: బరువు తగ్గించాలి, అంతే. లావు కేబుల్ కిందికి వేలాడుతూ ప్లగ్గుని లాగుతూ ఉంటుంది. 15, 20 సెంటీమీటర్ల మగ-ఆడ ఎక్స్‌టెన్షన్ ముక్క పోర్టులో పెట్టి, లావు కేబుల్‌ని దానికి తగిలించి, ఆ జాయింటుని టీవీ స్టాండుకి జిప్ టైతో కట్టండి. టై బిగించి పిసకొద్దు, లోపలి తీగలు నలుగుతాయి. ప్లగ్గు రేకుని పట్టకారుతో నొక్కడం కూడా తప్పే.

యాంకర్: బొమ్మ ఉంది, కానీ తెల్ల చుక్కలు మెరుస్తుంటే?

టెక్నీషియన్: కేబుల్ ఆ వేగాన్ని మోయలేకపోతోంది. 4కే అనే బాగా స్పష్టమైన బొమ్మకి, 60 ఫ్రేములతో అయితే, సెకనుకి దాదాపు 18 గిగాబిట్లు కావాలి. బాక్సు సెట్టింగుల్లో అంతకన్నా తక్కువ స్పష్టత, 1080పీ పెట్టండి, ఆ వేగం సుమారు నాలుగో వంతుకి దిగుతుంది. కొత్త కేబుల్ కొనేదాకా హాయిగా చూడొచ్చు. చుక్కలు కాకుండా బొమ్మ మొత్తం పోయి మళ్లీ వస్తుంటే 19వ పిన్ను అనుమానించండి. టీవీ ఉందని బాక్సుకి చెప్పేది అదే.

యాంకర్: పాత మానిటర్‌లో తెర పచ్చబడిపోతే, అంటే పసుపుగా?

టెక్నీషియన్: పాత మానిటర్లకుండే వీజీఏ కేబుల్‌లో నీలం రాలేదన్నమాట, 3వ పిన్ను. గులాబీగా మారితే ఆకుపచ్చది, 2వది. వంగిన పిన్నుని, లెడ్ తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొనలోకి దూర్చి మెల్లగా నిలబెట్టండి. 9వ పిన్ను లేకపోతే కంగారు పడకండి, చాలా కేబుళ్లకి అసలు పెట్టరు.

యాంకర్: పసుపు, ఎరుపు, తెలుపు ప్లగ్గులు వదులైతే?

టెక్నీషియన్: వాటిలో మాత్రం నొక్కొచ్చు! బయటి రింగుకి చీలికలుంటాయి, ప్లగ్గు బయటికి తీసి ముక్కు పట్టకారుతో కొద్దిగా దగ్గరికి నొక్కితే పట్టుకుంటుంది.

యాంకర్: డాబా మీద డిష్ కేబుల్ తెగితే మెలిపెట్టి టేపు చుట్టేస్తారు...

టెక్నీషియన్: అదే నాకు బాధ. బాక్సు నుంచి డిష్‌కి 13 లేదా 18 వోల్టులు ఆ తీగలోనే వెళ్తాయి. మధ్య తీగ చుట్టూ సన్న తీగల అల్లిక ఉంటుంది, దాని పోగు ఒక్కటి మధ్య తీగకి తగిలినా షార్టే. బాక్సు కరెంటు ప్లగ్గు తీసేసి మొదలెట్టండి. మధ్య రాగి 6 మిల్లీమీటర్లు బయట పెట్టి, తర్వాత ఇంకో 6 మిల్లీమీటర్లు తెల్ల ఇన్సులేషన్ ఉంచి, అల్లికని వెనక్కి మడవండి. కేబుల్ కొసకి పెట్టే లోహపు ప్లగ్గు, అంటే ఎఫ్ కనెక్టర్‌ని, తెల్లది దాని లోపలి అంచుకి సమంగా వచ్చేదాకా తిప్పుతూ ఎక్కించండి. రెండో ముక్కకీ ఇంతే, మధ్యలో జాయినర్.

యాంకర్: పైన నల్ల టేపు చాలా?

టెక్నీషియన్: రోహిణీ కార్తె ఎండకి దాని జిగురు కారిపోతుంది. తనకి తానే అంటుకునే రబ్బరు టేపుని సాగదీసి, సగం సగం కప్పుతూ చుట్టి, దానిపైన నల్లది వేయండి. జాయింటుకి ముందు కేబుల్‌ని కిందికి ఓ వంపు వదలండి, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.