హోంవర్క్ తీసేస్తే చదువు పోతుందా? స్టూడియో చర్చ, దాదాపు పూర్తి పాఠం

(ఐదో తరగతి దాకా రాత హోంవర్క్ ఉండదనీ, రోజూ చివరి గంట ఆటలకేననీ ఒక స్కూలు తల్లిదండ్రులకు ఉత్తరం పంపింది. ఆ ఉత్తరం ఫోన్ల నిండా తిరిగింది. సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది పిల్లల్ని వేరే స్కూలుకు మారుస్తామన్నారు. చర్చలో కూర్చున్నది పిల్లల డాక్టర్, ప్రైమరీ టీచర్, ఒక తల్లి, కోచింగ్ సంస్థ డైరెక్టర్. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడినచోట వినపడింది వినపడినట్టు రాశాను.)

యాంకర్: నమస్కారం. నలుగురికీ సమానంగా సమయం ఇస్తానని ముందే మాట ఇస్తున్నా. డాక్టర్ గారూ, మీతో మొదలుపెడదాం. పిల్లల మీద నిజంగా అంత ఒత్తిడి ఉందా? లేక ఫోన్ల వల్ల వచ్చిన సమస్యను హోంవర్క్ నెత్తిన రుద్దుతున్నామా?

డాక్టర్: ఒక కేసు చెబుతాను. తొమ్మిదేళ్ల బాబు, కడుపునొప్పి. టెస్టులన్నీ చేశాం, అన్నీ నార్మల్. నొప్పి వచ్చిన రోజుల్ని క్యాలెండర్‌లో సున్నా చుట్టమని వాళ్లమ్మకు చెప్పాను. నెల తర్వాత తెచ్చారు. ఆదివారాలన్నీ ఖాళీ, సెలవులన్నీ ఖాళీ. గురువారాలు మాత్రం ఒక్కటీ వదలకుండా...

యాంకర్: ఆ బాబు ఫోన్ ఎంతసేపు చూస్తాడండీ?

డాక్టర్: అదీ అడిగాను. అరగంట. గురువారం ఏమిటంటే...

డైరెక్టర్: ఒక్క నిమిషం సర్, ఒక్క నిమిషం. మీ దగ్గరికి వచ్చేది జబ్బుపడ్డ పిల్లలు. మా దగ్గరికి వచ్చేది వేలమంది మామూలు పిల్లలు. ఒక కడుపునొప్పిని పట్టుకుని చదువు మొత్తం మారుస్తామా? మేము చదువుకోలేదా? దెబ్బలు తినలేదా? మాకేమైంది?

టీచర్: (నవ్వుతూ) ఏమైందో మీరు చెప్పుకుంటే ఎలా సర్, ఇంట్లోవాళ్లు చెప్పాలి.

డైరెక్టర్: మేడమ్, జోకులు వద్దు. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

టీచర్: వంచడం మాకు చేతకాక కాదు సర్. ఉదయం పిల్లలు వచ్చీ రాగానే నా మొదటి పని నోట్‌బుక్కులు దిద్దడం. ఒక్కో పుస్తకానికి ఒక్క నిమిషం వేసుకున్నా మొదటి పీరియడ్ ఎగిరిపోతుంది. అందులో సగం వాళ్ల అమ్మల చేతిరాత. ఎవరికి నేర్పుతున్నట్టు నేను?

యాంకర్: అమ్మ గారూ, మీ చేతిరాతేనా అది?

తల్లి: కొన్నిసార్లు అవునండీ, దాచను. మా పాప మూడో తరగతి. మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి ఒకే లైను మూడుసార్లు చెరిపింది. రబ్బరుతో రుద్దీ రుద్దీ కాగితానికి చిల్లు పడింది. చిల్లు మీద ఎలా రాయాలని ఏడుపు. నేను అరిచాను. అరిచాక ఆ చిల్లు వెనక చిన్న కాగితం ముక్క అంటించి, మీద నేనే రాశాను. టీచర్ రైట్ కొట్టి ‘గుడ్’ అని కూడా పెట్టారు.

(అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.)

డాక్టర్: ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. తొమ్మిదిన్నరకి ఏడుస్తూ కూర్చున్న పిల్ల ఎప్పుడు పడుకుంటుంది, ఎప్పుడు లేస్తుంది? చదివింది బుర్రలో కుదురుకోవాలన్నా నిద్రే కావాలి. ఇక ఆటంటారా, రోజుకు కనీసం సగటున 60 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే...

యాంకర్: ఫోన్ కూడా నిద్ర చెడగొడుతుంది కదా?

డాక్టర్: చెడగొడుతుంది. కాదనను. కానీ ఆ పాప చేతిలో ఉన్నది రబ్బరు.

డైరెక్టర్: నేను సూటిగా అడుగుతా, ఎవరైనా జవాబు చెప్పండి. హోంవర్క్ తీసేస్తే ఎవరికి నష్టం? చదువుకున్న అమ్మానాన్నలు ఇంట్లో ఎలాగూ కూర్చోబెడతారు. డబ్బున్నవాళ్లు ట్యూషన్ పెట్టిస్తారు. మరి ఇంట్లో ఎవరికీ చదువు రాని పిల్ల సంగతి? ఆ పిల్ల పుస్తకం తెరిచేదే హోంవర్క్ ఉందని. అది తీసేసి, పిల్లల సంక్షేమం అని పేరు పెట్టారు. ఎవరి సంక్షేమం? చెప్పండి!

(ఈ ప్రశ్న బలమైనదే. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆయన మాత్రం ఆ మౌనాన్నీ వదల్లేదు.)

డైరెక్టర్: చూశారా, జవాబు లేదు!

టీచర్: ఉంది. ఇంట్లో ఎవరికీ చదువు రాని పిల్లే హోంవర్క్ చెయ్యలేక మర్నాడు బయట నిలబడేది. అడగడానికి మనిషి లేదు కదా ఇంట్లో. ఆ రాత పనేదో స్కూల్లోనే, నా కళ్ల ముందు చేయించనివ్వండి. తప్పు రాస్తే అప్పుడే దిద్దుతాను. ఫ్రాన్స్‌లో ప్రైమరీ పిల్లలకు ఇంటికి రాత పని ఇవ్వకూడదని 1956లోనే ఉత్తర్వు వచ్చింది.

డైరెక్టర్: అమలవుతోందా?

టీచర్: ...పూర్తిగా కాదు. ఇచ్చేవాళ్లు ఇస్తూనే ఉన్నారు.

డైరెక్టర్: అంతే! అరవై ఏళ్లు దాటినా అమలు కాలేదంటే తల్లిదండ్రులకే హోంవర్క్ కావాలన్నమాట!

యాంకర్: ఫ్రాన్స్ అంటే గుర్తొచ్చింది. 2018లో అక్కడ స్కూళ్లలో ఫోన్ వాడకూడదని చట్టం చేశారు. అంటే అసలు సమస్య ఎక్కడుందో వాళ్లకు అర్థమైనట్టే కదా? ఫోన్...

టీచర్: సార్, ఆవు వ్యాసం అయిపోయింది ఇది. ఏం చెప్పినా తీసుకెళ్లి ఫోన్‌కి కట్టేస్తున్నారు.

యాంకర్: ప్రేక్షకులు అడుగుతున్నది అదేనండీ!

తల్లి: ఫిన్‌లాండ్‌లో అసలు హోంవర్కే ఉండదట కదా?

డాక్టర్: ఉంటుందమ్మా. తక్కువ, అంతే. బడి మొదలయ్యేది ఏడేళ్లకి, మధ్యమధ్య విరామాలు ఎక్కువ.

డైరెక్టర్: ఫిన్‌లాండ్, ఫిన్‌లాండ్! 2000లో పీసా పరీక్షల్లో, అదే దేశదేశాల పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పరీక్షల్లో, చదవడంలో ఫస్ట్. 2006లో సైన్స్‌లో ఫస్ట్. ఆ తర్వాత? దిగజారుతూ వచ్చింది. 2022లో మూడు సబ్జెక్టుల్లోనూ ఫస్ట్ ఎవరు? సింగపూర్. అక్కడి పిల్లలు సాయంత్రం గాలిపటాలు ఎగరేస్తున్నారా?

(ఇక్కడ నాలుగైదు నిమిషాలు సింగపూర్ మీద నడిచింది. దేశం చిన్నదనీ, చిన్నదైతే ఏమనీ, టీచర్ల శిక్షణ బాగుంటుందనీ, ట్యూషన్లు ఎక్కువనీ. విషయానికి పనికొచ్చింది తక్కువ, వదిలేశాను.)

డాక్టర్: అదే పీసా పిల్లల మనసు గురించి కూడా అడిగింది. 2015లో ఓఈసీడీ అనే, ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమిలోని పదిహేనేళ్ల పిల్లల్లో సగటున 55 శాతం మంది, బాగా చదువుకుని వెళ్లినా పరీక్షంటే చాలా ఆందోళనగా ఉంటుందన్నారు. చదవని పిల్లల సంగతి కాదు, చదివినవాళ్ల సంగతి. ఇంకో విషయం, ఈ ఆందోళనకు ఎన్ని పరీక్షలు పెడుతున్నారన్న దానితో పెద్దగా సంబంధం కనపడలేదు...

డైరెక్టర్: (బల్ల చరిచి) విన్నారా? డాక్టర్ గారే ఒప్పుకున్నారు. పరీక్షలకూ టెన్షన్‌కూ సంబంధం లేదు!

డాక్టర్: వాక్యం పూర్తి చేయనివ్వండి. టీచర్ తనవైపు ఉన్నారని పిల్లలకు అనిపిస్తోందా లేదా అన్నదానితో సంబంధం కనపడింది.

డైరెక్టర్: పరీక్షలకు సంబంధం లేదు, అంతేగా? రికార్డయింది కదా?

యాంకర్: రికార్డయింది సర్. అంటే డాక్టర్ గారూ, పరీక్షలు కారణం కాకపోతే మిగిలింది ఫోనే కదా?

డాక్టర్: మిగిలింది మనుషులండీ! ఆ బాబు గురువారం చెబుతాను, రెండు వాక్యాలు. గురువారం లెక్కల పేపర్లు ఇచ్చే రోజు. అందరికంటే తక్కువ మార్కులు వచ్చిన పిల్ల నుంచి మొదలుపెట్టి పేరూ మార్కులూ పైకి చదివి ఇచ్చేవారు. వీడి పేరు ఎప్పుడూ మొదటి మూడింట్లో. పేపర్లు మడిచి ఎవరిది వాళ్ల చేతికివ్వమని వాళ్లమ్మ వెళ్లి అడిగింది. టీచర్ సరేనన్నారు. పరీక్ష తీసేయలేదు, మార్కులు కలపలేదు. మడిచి ఇచ్చారు, అంతే. నొప్పి...

డైరెక్టర్: అంటే మార్కులు దాచాలా? రేపు ఉద్యోగం ఇచ్చేవాడు రిజల్ట్ మడిచి ఇస్తాడా?

టీచర్: ఇస్తాడు సర్. కవరులో పెట్టి ఇస్తాడు.

(నవ్వులు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. ‘తొమ్మిదేళ్లు’ అన్న మాట రెండుసార్లు వినపడింది.)

తల్లి: నాదొక్క మాట. వీళ్లు చెప్పేది వింటే నిజమే అనిపిస్తుంది. ఈయన చెప్పేది వింటే భయమేస్తుంది. మా స్కూలు హోంవర్క్ తీసేస్తే నేను సంతోషిస్తాను. మర్నాడే పక్కింటి పిల్ల ఎంత చదువుతోందో కనుక్కుంటాను. నాకు తెలుసు నా సంగతి.

డైరెక్టర్: అదీ! అమ్మ గారు నా మాటే చెప్పారు.

తల్లి: మీ మాట చెప్పలేదండీ, నా భయం చెప్పాను.

డైరెక్టర్: భయం ఉండాలి. ఉండబట్టే చదువుతారు. నేను మళ్లీ చెబుతున్నా, నోట్ చేసుకోండి. ఒకటి, క్రమశిక్షణ ఇంటి నుంచే రావాలి. రెండు, హోంవర్క్ లేని సాయంత్రం పిల్లలేం చేస్తారు? యాంకర్ గారు ఇందాకటి నుంచీ చెబుతున్నదే, ఫోన్ చూస్తారు.

యాంకర్: (ఉత్సాహంగా) ఖచ్చితంగా! నేనూ అదే అంటున్నా.

టీచర్: ఆ ఉత్తరంలో చివరి గంట ఆటలని రాసుంది కదా? దాని గురించి గంట నుంచీ ఒక్కరూ మాట్లాడలేదు. ఆట దగ్గర పిల్లలు కొట్లాడుకుంటారు, మళ్లీ వాళ్లే కలిసిపోతారు. ఓడిపోయినవాడు మర్నాడు మళ్లీ వస్తాడు. ఇది నేను బోర్డు మీద రాసి నేర్పగలిగేది కాదు. ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆటనూ విశ్రాంతినీ హక్కు అనే రాసింది. దయ చూపి ఇచ్చే గంట కాదు...

యాంకర్: మంచి పాయింట్ మేడమ్, కానీ సమయం అయిపోయింది. డైరెక్టర్ గారూ, ముగింపుగా ఒక మాట?

డాక్టర్: ముగింపు కూడా ఆయనకేనా?

యాంకర్: మీకూ ఇస్తానండీ, పది సెకన్లు.

డైరెక్టర్: నేను చెప్పేదొక్కటే... (నిమిషంన్నర మాట్లాడారు. క్రమశిక్షణ, పోటీ, మళ్లీ సింగపూర్.)

యాంకర్: ధన్యవాదాలు. అన్ని వైపుల వాదనలూ విన్నాం. వచ్చే వారం ఇదే సమయానికి మరో చర్చ, ‘ఫోన్ చేతికొచ్చిన బాల్యం’. డైరెక్టర్ గారు అందులోనూ ఉంటారు.

డాక్టర్: పది సెకన్లన్నారు...

(సంగీతం మొదలైంది. తల్లి డాక్టర్ వైపు వంగి, ‘ఇంతకీ ఆ బాబుకి నొప్పి తగ్గిందా అండీ?’ అని అడగడం వినపడింది. ఆయన మైకు అప్పటికే ఆపేశారు.)