తెల్ల హెల్మెట్ ఉన్నోడే బాస్ అనుకుంటున్నారా? ఫైర్ హెల్మెట్ రంగుల గోల

[టేబుల్ మీద మసి పట్టిన హెల్మెట్. కెమెరా బాగా దగ్గరికి.]

ఇదిగో, ఇది నా హెల్మెట్. పసుపు. అంటే కొన్నప్పుడు పసుపు, ఇప్పుడు ఇదేం రంగో మీరే కామెంట్‌లో చెప్పండి.

నేను ఉండేది న్యూజెర్సీలో, పగలు అందర్లాగే ఐటీ, కానీ మా టౌన్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో వాలంటీర్‌ని, మూడేళ్ళయింది. ఈ విషయం ఇంట్లో తెలిసిన దగ్గర్నుంచి మా ఫ్యామిలీ గ్రూపులో రెండు నెలలకోసారి ఒకే ఫోటో తిరుగుతోంది. హెల్మెట్ రంగుల చార్టు. తెలుపు అంటే ఇంజనీరు, పసుపు అంటే లేబర్, నీలం అంటే ఎలక్ట్రీషియన్, ఆకుపచ్చ సేఫ్టీ, ఎరుపు ఫైర్. కింద పెద్దక్షరాలతో "ప్రపంచమంతా ఇదే రూల్". పంపేది మా బాబాయి. ఆయన దుబాయ్‌లో సైట్ మీద పదేళ్ళు చేసొచ్చిన మనిషి, కాబట్టి ఆయన మాటకి గ్రూపులో తిరుగులేదు. నా ఫోటో కింద ఏం పెట్టారో తెలుసా? "నీది పసుపు కదరా, అంటే నువ్వక్కడ లేబరన్నమాట."

బాబాయ్, మొదటి సంగతి, అది కన్‌స్ట్రక్షన్ సైట్ చార్టు. అక్కడ కూడా కంపెనీని బట్టి మారుద్ది. ఫైర్ వాళ్ళ లెక్క పూర్తిగా వేరు, అసలు వాళ్ళలో వాళ్ళకే పడదు, ఈ వీడియో దాని గురించే.

[స్క్రీన్ మీద: ఫంక్షన్ హాల్, భోజనాల బంతి]

మీకు అర్థమయ్యేలా పెళ్ళి భోజనాలతో చెప్తా. బంతిలో కూర్చున్నారు, సాంబారు రాలేదు. ఎవర్ని పిలుస్తారు? వడ్డించే కుర్రాళ్ళంతా పసుపు టీషర్ట్‌లో ఉన్నారు, ఒకడు మాత్రం ఎర్ర టీషర్ట్, చేతిలో బకెట్ లేదు, ఊరికే చూపులు చూస్తున్నాడు. సూపర్‌వైజర్ అని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు, "ఏవయ్యా" అని ఆయన్నే పిలుస్తారు. ఫైర్ హెల్మెట్ రంగు చేసే పని కూడా ఇదే, ఇంతకంటే ఏం లేదు.

మరి భుజం మీద స్టార్లు పెట్టుకోవచ్చు కదా అంటారేమో. మన దగ్గర లీడింగ్ ఫైర్‌మన్, స్టేషన్ ఫైర్ ఆఫీసర్ వీళ్ళని ఖాకీ యూనిఫాం మీద ఉన్న గుర్తులు చూసి పోల్చుకుంటాం. కానీ మంట దగ్గరికెళ్ళేప్పుడు పైన లావు కోటు వేస్తాం, మొహానికి మాస్క్, వీపు మీద సిలిండర్. ఆ అవతారంలో మా ఆవిడ కూడా నన్ను గుర్తుపట్టలేదు, నిజంగానే ఒకసారి పక్కనోడికి నీళ్ళ బాటిల్ ఇచ్చి వెళ్ళిపోయింది. పొగలో, రాత్రిపూట, ఇరవై మంది గుంపులో అందరికంటే పైన కనపడేది నెత్తి ఒక్కటే. అందుకే ర్యాంక్ నెత్తికెక్కింది. (కొందరికి ఇంకో రకంగా కూడా ఎక్కుద్ది, అది వేరే వీడియో.)

సరే, ఇప్పుడు గోల ఎక్కడ మొదలైంది? టీషర్ట్ రంగు ఎవరిష్టం? కేటరింగాయన ఇష్టం. ఈయన దగ్గర సూపర్‌వైజర్‌కి ఎరుపు, పక్క హాల్లో ఇంకో కేటరింగ్, అక్కడ ఎరుపు అంటే స్వీట్లు వడ్డించేవాడు. పెళ్ళిళ్ళ శాఖ అని గవర్నమెంట్‌లో ఒకటుండి "సూపర్‌వైజర్లంతా ఎరుపే వేయాలి" అని జీవో ఇవ్వదు కదా.

అమెరికాలో ఫైర్ డిపార్ట్‌మెంట్లు సరిగ్గా ఇలాగే. దేశం మొత్తానికి ఒక్క శాఖ అంటూ లేదు, ఊరూరికీ ఒకటి, వేలల్లో ఉంటాయి. మా గేర్‌కి ఎన్‌ఎఫ్‌పీఏ, అంటే అక్కడ ఫైర్ సేఫ్టీ ప్రమాణాలు రాసే సంస్థ, దాని 1971 అనే నంబరు స్టాండర్డ్ ఒకటి ఉండేది, ఈ మధ్యే దాన్ని 1970 అనే పెద్దదాంట్లో కలిపేశారు. వేడి ఎంత తట్టుకోవాలి, పైనుంచి ఏదన్నా పడితే దెబ్బ ఎంత ఆపాలి, చీకట్లో మెరవాలి, అన్నీ రాశారు. కెప్టెన్‌కి ఏ రంగు అనేది మాత్రం ఎవరి ఇష్టానికి వాళ్ళకి వదిలేశారు.

దాంతో ఏమైందంటే, చాలాచోట్ల ఫైర్‌ఫైటర్‌కి పసుపో నలుపో, కెప్టెన్ లెఫ్టినెంట్లకి, అంటే బండి మీద టీమ్‌ని నడిపే ఆఫీసర్లకి ఎరుపు, వాళ్ళ పైనుండే చీఫ్‌కి తెలుపు. తెలుపు చీఫ్‌కి అన్నది మాత్రం దాదాపు అందరూ ఒప్పుకున్నట్టే. మిగతా రంగుల్లో ఎవరి గొడవ వాళ్ళది, కొన్నిచోట్ల ఎరుపు ర్యాంకే కాదు, నిచ్చెన బండి మీద వెళ్ళేవాళ్ళ రంగు.

దీనికి నేనే బలి. జనవరిలో ఒక రాత్రి పక్క టౌన్‌లో ఇల్లు తగలబడితే మమ్మల్ని సాయానికి పిలిచారు, బయట చలికి పైపు నుంచి కారిన నీళ్ళు రోడ్డు మీదే గడ్డకట్టేస్తున్నాయి, మా లెఫ్టినెంట్ ఎటో వెళ్ళాడు, ఎదురుగా ఒక ఎర్ర హెల్మెట్ కనపడింది. మా దగ్గర ఎరుపంటే ఆఫీసర్. నేను నిటారుగా నిలబడి "సర్, మా టీమ్‌ని ఎక్కడికి వెళ్ళమంటారు" అన్నా. ఆ కుర్రాడు వెనక్కి తిరిగి చూసుకున్నాడు, తన వెనక ఎవరన్నా ఉన్నారేమో అని. "నేను చేరి ఆర్నెల్లే అయింది బ్రో" అన్నాడు. అదీ పరిస్థితి. ఆ ఊళ్ళో ఎరుపంటే నిచ్చెన బండి. అంటే నేను వెళ్ళి స్వీట్లు వడ్డించేవాణ్ణి సాంబారు గురించి నిలదీశా.

[స్క్రీన్ మీద: నల్ల లెదర్ హెల్మెట్, ముందు పలక]

ఇప్పుడు న్యూయార్క్‌కి వద్దాం, ఇది నా ఫేవరెట్. న్యూయార్క్ సిటీలో ఫైర్‌ఫైటర్ హెల్మెట్ నలుపు, కెప్టెన్‌దీ నలుపే. మరి తేడా ఎలా? హెల్మెట్ ముందు నిలువుగా ఒక పలక ఉంటుంది చూడండి, తోలుతో చేసింది, అసలు కథంతా దాంట్లో. ఇంజన్ అంటే నీళ్ళ బండి, వాళ్ళకి నల్ల పలక. నిచ్చెన బండి వాళ్ళకి ఎరుపు. చిక్కుకున్నవాళ్ళని బయటికి తీసే రెస్క్యూ టీమ్‌కి నీలం, స్క్వాడ్ అనే ఇంకో స్పెషల్ టీమ్‌కి పసుపు. కొత్తగా చేరినోడికి ఆరెంజ్, అంటే బండికి ఎల్ బోర్డు కట్టినట్టు. లెఫ్టినెంట్, కెప్టెన్ అయితే పలకలో తెలుపు వచ్చేస్తుంది. చీఫ్ అయితే హెల్మెట్టే తెలుపు. అంటే వాళ్ళు టీషర్ట్ రంగు మార్చలేదు, జేబు మీద బ్యాడ్జి రంగు మార్చారు. నాకైతే ఇదే తెలివైన పద్ధతి, నువ్వెవరివి, ఏ బండి మీద వచ్చావు, రెండూ ఒక్క చూపులో తెలిసిపోతాయి. ఒక్క ఇబ్బంది, ముందునుంచి చూస్తేనే.

ఈ హెల్మెట్ ఆకారానికి కూడా ఒక కథుంది. 1800ల మొదట్లో హెన్రీ గ్రాటకాప్ అని న్యూయార్క్‌లో వాలంటీర్ ఫైర్‌మన్, వృత్తి తోలు పెట్టెలు చేయడం. నీళ్ళలో నానినా మెత్తబడని పెట్టెలు చేసేవాడు, అదే తోలుతో హెల్మెట్ కుట్టాడు. వెనక అంచు పొడుగ్గా బాతు ముక్కులా ఉంటుంది కదా, పైనుంచి పడే వేడినీళ్ళు మెడలోంచి చొక్కాలోకి దిగకుండా. తర్వాత బ్యాడ్జీలు చేసే కైర్న్స్ అన్నదమ్ములు ఆ వ్యాపారం తీసుకున్నారు, ఆ పేరుతో హెల్మెట్లు ఇప్పటికీ వస్తున్నాయి. తోలుపెట్టెలాయన, బ్యాడ్జీలాయన, ఇద్దరూ కలిస్తే వచ్చిందే ఇది.

లండన్‌లో ఇంకా దర్జాగా ఉండేది. 1860ల్లో మాసీ షా అని అక్కడి చీఫ్, ప్యారిస్‌లో చూసొచ్చి ఇత్తడి హెల్మెట్లు పెట్టాడు. మామూలోళ్ళకి ఇత్తడి, పై ఆఫీసర్లకి వెండి పూత. మన ఇళ్ళలో చుట్టాలకి స్టీలు గ్లాసు, అల్లుడికి వెండి గ్లాసు చూడండి, అదే లెక్క. తర్వాత ఇళ్ళలోకి కరెంటొచ్చింది, నెత్తి మీద ఇత్తడి పెట్టుకుని వైర్ల మధ్యకి వెళ్ళడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు, 1930ల్లో తీసేశారు. ఇప్పుడు బ్రిటన్‌లో ఫైర్‌ఫైటర్‌కి పసుపు, పై ఆఫీసర్లకి తెలుపు, చుట్టూ నల్ల పట్టీలు. పట్టీ లావెక్కేకొద్దీ మనిషి పెద్దోడు.

అంతా బానే ఉంది, ఇప్పుడు అసలు పాయింట్. తెలుపంటే చీఫ్, చీఫ్ అంటే అక్కడ అందరికీ ఆర్డర్లిచ్చేవాడు, ఇదే కదా మీ మనసులో ఉంది? బాబాయ్, మీరు కూడా వినండి.

2001 సెప్టెంబర్ 11. న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్ చాప్లిన్, అంటే వాళ్ళ మతగురువు, ఫాదర్ మైకల్ జడ్జ్. ఆయనకీ తెల్ల హెల్మెటే. ఆ పొద్దున వరల్డ్ ట్రేడ్ సెంటర్ నార్త్ టవర్ లాబీలో చనిపోతున్నవాళ్ళ కోసం ప్రార్థన చేస్తూ ఉన్నారు, సౌత్ టవర్ కూలినప్పుడు ఎగిరొచ్చిన శిథిలాలకి అక్కడే పోయారు. అధికారిక లెక్కలో ఆ రోజు మొదటి మృతుడిగా రాసింది ఆయన్నే. ఆయన తెల్ల హెల్మెట్‌ని తర్వాత పోప్‌కి ఇచ్చారు. ఆ హెల్మెట్ పెట్టుకుని ఆయన ఒక్కరికి కూడా పైపు ఎటు పట్టాలో చెప్పలేదు, అది ఆయన పని కాదు. డిపార్ట్‌మెంట్‌లో ఆయన స్థాయి పెద్దది, అంతే.

పెళ్ళిలో పురోహితుడు ఉన్నారు. పీటల మీద పెద్దరికమంతా ఆయనదే. సాంబారు గురించి ఆయన్ని అడుగుతారా?

[కండువా భుజం మీద వేసుకుంటూ]

మరి ఎవర్ని అడగాలి? పెళ్ళిలో కండువా వేసుకుని అటూ ఇటూ తిరిగే మేనమామ ఉంటాడు చూడండి. రెండు కేటరింగ్‌లు వచ్చినా, మూడొచ్చినా, రెండో బంతి ఎప్పుడు లేపాలో చెప్పేది ఆయనే. ఆయన కంటే వయసులో పెద్దోళ్ళు హాల్లో యాభై మంది ఉంటారు, ఆ రోజుకి మాట మాత్రం ఆయనదే. ఫైర్‌లో ఆ కండువా పేరు వెస్ట్. కోటు మీద వేసుకునే చిన్న జాకెట్, మీద పెద్దక్షరాల్లో కమాండ్ అని రాసి ఉంటుంది.

ఇది ఊరికే రాలేదు. 1970లో కాలిఫోర్నియాలో అడవులు అంటుకున్నాయి, 13 రోజులు, 16 మంది పోయారు, 700 కట్టడాలు కాలిపోయాయి. ఎన్నో డిపార్ట్‌మెంట్లు వచ్చాయి కానీ ఎవడి పద్ధతులు వాడివి, ఎవడి మాటలు వాడివి, రేడియోలు కూడా కలవలేదు. అది చూశాకే కమాండ్ పద్ధతి ఒకటి తయారుచేశారు, ఇప్పుడు దేశమంతా అదే. మొదట చేరుకున్న బండి ఆఫీసర్ ఎవరైనా సరే ఆయనే కమాండ్, తర్వాత పెద్దాయన వస్తే పక్కకెళ్ళి పరిస్థితి చెప్పి అప్పజెప్తాడు. ఆయన తీసుకోకపోతే తెల్ల హెల్మెట్టాయన పక్కనే నిలబడి ఉన్నా సరే ఎర్ర హెల్మెట్టాయన మాటే నడుస్తుంది. హెల్మెట్ మనిషిది, కండువా ఆ రోజు పనిది.

అబ్బా, టైమ్ అయిపోతోంది, ఎడిటింగ్ నేనే చేసుకోవాలి కాబట్టి మిగిలినవి గబగబా.

మసి సంగతి. హెల్మెట్ ఎంత నల్లబడితే అంత అనుభవం అని మాలో ఒక పిచ్చి గర్వం, నాకూ ఉండేది. 2022లో ఐఏఆర్‌సీ అని క్యాన్సర్ మీద పనిచేసే డబ్ల్యూహెచ్‌ఓ సంస్థ, ఫైర్‌ఫైటింగ్ ఉద్యోగాన్నే క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులో పెట్టింది. ఆ మసి రంగుని కప్పేయడమే కాదు, మనల్నీ తినేస్తుంది. కాబట్టి ఇది ఈ రాత్రి కడుగుతున్నా.

"తెలుపు వేడిని తిప్పికొడుతుంది కాబట్టి చీఫ్‌కి ఇచ్చారు" అని ఎవరో కామెంట్ పెట్టారు. అయ్యా, లోపలికెళ్ళేది పసుపోళ్ళు, చీఫ్ ఎక్కువసేపు బయట ఉంటాడు, ఆ లెక్కన తెలుపు మాకివ్వాలి కదా.

బాబాయ్, లింక్ గ్రూపులో పెడుతున్నా, ఆ చార్టు ఇంక డిలీట్ చేయండి. వచ్చే నెల చెల్లి పెళ్ళిలో కండువా ఎలాగూ మీ భుజం మీదే. సాంబారు రాకపోతే నేను మీ దగ్గరికే వస్తా.